చోళులతో వియ్యం వల్ల వేంగికి ఒరిగిందేమిటి?

ప్రశ్న:

నమస్కారం. రాజరాజ చోళుడు తన కుమార్తె కుందవ్వను వేంగిని ఏలిన తూర్పు చాళుక్య వంశపు విమలాదిత్యునికి ఇచ్చి వివాహం చేశాడు. వారి కుమారుడు రాజరాజనరేంద్రుడు మేనమామ రాజేంద్ర చోళుని కుమార్తె అమ్మంగదేవిని పెళ్లాడాడు. ఆ దంపతుల కుమారుడు కూడా మేనమామ కూతురు మధురాంతకినే చేసుకుని, 1070లో కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనాన్ని అధిష్ఠించాడు. మన వేంగి రాకుమారుడు చోళ సామ్రాజ్యాన్ని ఏలాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ వేంగి వైపు నుంచి చూస్తే ఈ మూడు తరాల వియ్యం లాభమా, నష్టమా? పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం:

మొదటి వివాహం ఏ స్థితిలో జరిగిందో ముందు చూడాలండీ. 973లో జటాచోడ భీముడు వేంగి రాజు దానార్ణవుని చంపి వేంగిని ఆక్రమించడంతో, దానార్ణవుని కుమారులు శక్తివర్మ, విమలాదిత్యుడు చోళుల ఆశ్రయంలో పాతికేళ్లకు పైగా గడపవలసి వచ్చింది. రాజరాజ చోళుడు సేనను నడిపి శక్తివర్మకు రాజ్యం ఇప్పించాడు, అతని తమ్మునికి పిల్లనిచ్చాడు. కృష్ణా గోదావరుల నడిమి సీమ తన వారి చేతిలో ఉంటే, కర్ణాట దేశాన్ని ఏలే కళ్యాణి చాళుక్యులను తూర్పు నుంచి కూడా అదుపు చేయవచ్చునన్నది అతని ఆలోచన. కళ్యాణి వారు కూడా ఊరుకోలేదు. విమలాదిత్యుని మరో రాణి కుమారుడైన విజయాదిత్యుణ్ణి ఎగదోశారు. అందువల్లే నరేంద్రునికి 1022 ఆగస్టులో గాని పట్టాభిషేకం జరగలేదు, అది కూడా మేనమామ అండతోనే.

ఆ అండ ఎంతటిదో కలిదిండి శాసనం చూపుతుంది. కర్ణాట సైన్యంతో జరిగిన పోరులో నేలకొరిగిన ముగ్గురు చోళ సేనానుల స్మృతికి నరేంద్రుడు శివాలయాలు కట్టించాడు. మేనల్లుని గద్దె నిలబెట్టడానికి మేనమామ సేనానులు ఇంత దూరం వచ్చి ప్రాణాలు విడిచారు. నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్న రాజమహేంద్రవరపు కొలువు ఆ మాత్రం నిలిచిందంటే అందులో ఈ వియ్యం పాలు చాలా ఉంది. నా దృష్టిలో ఇది లాభమే.

రెండవ సమాధానం:

పై సమాధానం నరేంద్రుని కాలం వరకు సరైనదే, కానీ మూల్యం చెల్లించింది ఆ తరువాతి తరం. 1061లో నరేంద్రుడు మరణించగానే ఆ సవతి సోదరుడే, అంటే ఏడవ విజయాదిత్యుడు, వేంగిని చేజిక్కించుకున్నాడు. న్యాయమైన వారసుడు కులోత్తుంగుడు తొమ్మిదేళ్ల తరువాత తండ్రి గద్దెకు బదులు తల్లి పుట్టింటి గద్దె ఎక్కాడు. అప్పటిదాకా సొంత రాజు కొలువుదీరిన వేంగి, ఆ తరువాత చోళ సామ్రాజ్యంలో రాకుమారులను పంపే ఒక మండలంగా మిగిలింది.

కులోత్తుంగుని కుమారుడు వీరచోడుని చెల్లూరు శాసనంలోని ఒక సంగతి నన్ను ప్రతిసారీ కలచివేస్తుంది. కులోత్తుంగుడు వేంగికి పంపిన మరో కుమారుడు రాజరాజ ముమ్మడిచోడుడు, తల్లిదండ్రుల పాదసేవలోని సుఖం రాజ్యసుఖంలో లేదని తలచి ఏడాదికే తిరిగి వెళ్లిపోయాడట. శాసన కవి దాన్ని పితృభక్తిగా కీర్తించాడు. తాతముత్తాతలు నాలుగు వందల ఏళ్లకు పైగా ఏలిన నేల ఆ యువకునికి పరాయి ఊరయిందని మాత్రం నాకు అనిపిస్తుంది.

మూడవ సమాధానం:

ఇద్దరి వాదనల్లోనూ వివాహానికి ఉన్న బలం కంటే ఎక్కువ బలం ఆపాదించారని నా అభిప్రాయం. కళ్యాణి రాజు ఆరవ విక్రమాదిత్యుడు కూడా చోళులతో వియ్యమందినవాడే, చోళ రాజు వీరరాజేంద్రునికి అల్లుడు. 1070లో అతను స్వయంగా వెళ్లి బావమరిది అధిరాజేంద్రుణ్ణి గద్దెనెక్కించి వచ్చాడు. నెలలు తిరగకుండానే అధిరాజేంద్రుడు మరణించాడు, కులోత్తుంగుడు రాజయ్యాడు. అంటే చోళ గద్దె విషయంలో ఒక వైపు అల్లుడు, మరో వైపు ఆడపడుచు కొడుకు నిలిచారు. బంధుత్వం ఇద్దరికీ ఉంది. సమయానికి అందివచ్చిన అవకాశాన్ని నిలుపుకున్న సమర్థత కులోత్తుంగునిది. సుంకాలు ఎత్తివేసి, భూమి కొలతలు వేయించి, అర్ధ శతాబ్దం పాటు పాలించడం మేనరికం వల్ల వచ్చే పనులు కావు.

అయితే నష్టం గురించి రెండవవారు చెప్పినదానికి ఒక సాక్ష్యం చేర్చాలి. 1118 ప్రాంతంలో కులోత్తుంగుడు తన కుమారుడు విక్రమచోడుణ్ణి వారసునిగా వేంగి నుంచి దక్షిణానికి పిలిపించుకోగానే, విక్రమాదిత్యుని సేనలు ఆ సీమను ఆక్రమించాయి. తరతరాలుగా చోళులు ఎవరిని దూరంగా ఉంచడానికి పోరాడారో వారికే, కాపలా తీయగానే, వేంగి దక్కింది.