రెండు రోజులు, అయిదుగురం, హైదరాబాద్: ఈ లిస్టు అయ్యే పనేనా?

రూం నంబర్ 214

మాది హన్మకొండలో ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. వచ్చే శని, ఆదివారాలు అయిదుగురం అమ్మాయిలం హైదరాబాద్ వద్దామనుకుంటున్నాం. నవ్వకండి, మూడు గంటల దూరంలో ఉండి కూడా నేను అక్కడ ఇప్పటిదాకా చూసినవి రెండే, ఒక పరీక్ష సెంటరు, ఒక ఆస్పత్రి. మిగతావాళ్లదీ దాదాపు అదే కథ. ఒకమ్మాయిది భీమవరం, తనైతే చార్మినార్‌ని బిస్కెట్ డబ్బా మీద తప్ప చూడలేదట.

ఉండటానికి టెన్షన్ లేదు. ఫ్రెండ్ వాళ్ల పిన్ని ఇల్లు ఉప్పల్‌లో ఉంది, రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉండాలన్న ఒక్క షరతు మీద సరే అన్నారు. తలకి 1,500 పెట్టుకున్నాం, తిండీ తిరుగుడూ గాజులూ అన్నీ అందులోనే. లిస్టు ఇది: చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, బిర్లా మందిర్, బుద్ధుడి విగ్రహం, జూ, రామోజీ ఫిల్మ్ సిటీ, కేబుల్ బ్రిడ్జి, ఏదైనా పెద్ద మాల్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక సినిమా. ఏది ముందు, ఏది వెనక అన్నది అర్థం కావట్లేదు. తిట్టినా పర్లేదు, ప్లాన్ చెప్పండి.

మెట్టుగూడ అక్క

చెల్లీ, ఈ లిస్టు ప్రకారం తిరిగితే ఇంటికెళ్లాక మీకు గుర్తుండేది ట్రాఫిక్ ఒక్కటే.

ముందు రామోజీ కొట్టేయండి. బాగుండదని కాదు, అది విజయవాడ రోడ్డులో హయత్‌నగర్ కూడా దాటాక ఉంటుంది, వెళ్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే, పైగా ఆ ఒక్క టికెట్‌కే మీ బడ్జెట్ ఎగిరిపోతుంది. జూ కూడా పూట పని. మాల్ హన్మకొండలో లేదా? సినిమా అంతకన్నా దండగ, చీకట్లో మూడు గంటలు కూర్చోడానికి ఇంత దూరం రావాలా.

మిగిలినవాటిని దిక్కుల్ని బట్టి విడగొట్టుకోండి. గోల్కొండ, సమాధులు ఒక పక్క. సాలార్‌జంగ్, చార్మినార్ ఇంకో పక్క. ఈ రెండు పక్కల్నీ ఒకే రోజు కలపాలని చూడొద్దు. మా బావ అలాగే కలిపాడు, రెండు చోట్లా గేటు ముందు ఫొటో దిగి వచ్చాడు.

బస్సు విషయం తెలిసే ఉంటుంది, అయినా చెబుతున్నా. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా ఆడవాళ్లకి ఫ్రీ కాబట్టి మీకు జీరో టికెట్టే, సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బులు కట్టాలి. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు కూడా ఫ్రీ. ఆధార్ ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. అందులో తెలంగాణ అడ్రస్ ఉండాలి కాబట్టి భీమవరం అమ్మాయి మాత్రం పర్సు తీయాల్సిందే. మెట్రో రైలు ఎవరికీ ఫ్రీ కాదు, ఆ పేరు, ఈ పేరు ఒకటే అయ్యేసరికి చాలామంది పొరబడుతుంటారు.

ఇంకొకటి, అయిదుగురంటే ఆటో కుదరదు, ప్రతిసారీ రెండు కట్టాలి. అందుకని వీలైనంత బస్సు, మెట్రోనే నమ్ముకోండి.

చౌరస్తా చాయ్

నా లెక్కలో గోల్కొండే తీసెయ్యాలి. ఆ ఎండలో మూడొందల పైచిలుకు మెట్లు ఎక్కి చూసేదేముంది, కూలిన గోడలు. దాని బదులు రెండు రోజులూ పాతబస్తీలోనే పెట్టుకోండి, చౌమహల్లా ప్యాలెస్ కూడా కలుస్తుంది.

పాతబస్తీ లెక్కల మాస్టారు

చౌరస్తా తమ్ముడూ, మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లి కోటని తిడితే ఎలా?

అమ్మా 214, శనివారం గోల్కొండ వైపు పెట్టుకోండి. తెల్లవారుజామున బయల్దేరినా ఉప్పల్లో దిగి, సామాన్లు పడేసి, టిఫిన్ చేసి, మెహదీపట్నం బస్సు పట్టుకుని, అక్కడ ఇంకో బస్సు మారేసరికి పదకొండు దాటుతుంది. అందుకే ముందు సమాధులకి వెళ్లండి. చెట్లుంటాయి, గుమ్మటాల కింద చల్లగా ఉంటుంది. లోపలే బడీ బావలి అని దిగుడుబావి ఉంది. 2013 వానలకి దాని గోడ ఒక పక్క కూలిపోయింది, మళ్లీ రాయి రాయి పేర్చి నిలబెట్టారు. అక్కడి బావుల పునరుద్ధరణకి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. జనం సమాధులు చూసి ఇటు తిరక్కుండానే వెళ్లిపోతారు, మీరు మాత్రం వెళ్లండి.

మూడింటికల్లా కోటలో ఉండాలి. కోట ముఖద్వారం దగ్గర కమాను కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని అందరూ చెబుతారు, నిజమే, కానీ అందరూ ఒకేసారి కొడుతుంటారు కాబట్టి ఎవరి చప్పుడు ఎవరిదో తెలీదు. ఎక్కేటప్పుడు రామదాసు చెర దగ్గర ఆగండి. భద్రాచలం గుడికి ఖజానా సొమ్ము ఖర్చు పెట్టాడని కంచర్ల గోపన్నని తానీషా పన్నెండేళ్లు బంధించిన గది అది. వెలుతురు పైనున్న చిన్న కంతలోంచే వస్తుంది. లోపలికి వెళ్లగానే ఏమీ కనిపించదు, రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే అప్పుడు గోడ మీద రాములవారు, లక్ష్మణుడు, హనుమంతుడు మెల్లగా తేలతారు. ఫ్లాష్ కొట్టి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకి అది దొరకదు. పైన జగదాంబ మహంకాళి గుడి ఉంది, ఆషాఢంలో మన బోనాలు మొదలయ్యేది అక్కడే.

రాత్రి లైట్ అండ్ సౌండ్ షో జోలికి పోకండి. అది అయ్యాక ఉప్పల్ చేరేసరికి మీ పిన్నిగారి టైమ్ దాటిపోతుంది. కోట దిగి బస్సులో లక్డీకాపూల్ వచ్చేస్తే బిర్లా మందిర్ దగ్గరే. మధ్యాహ్నం మూసినా సాయంత్రం తెరిచే ఉంటుంది, ఫోన్లు మాత్రం కింద కౌంటర్లో ఇచ్చేయాలి. పైనుంచి హుస్సేన్‌సాగర్ మొత్తం కనిపిస్తుంది, మధ్యలో లైట్ల వెలుగులో బుద్ధుడూ కనిపిస్తాడు, వేరే టికెట్ అక్కర్లేదు. (1990లో ఆ విగ్రహాన్ని పడవ మీద తీసుకెళ్తుంటే నీళ్లలో పడిపోయింది, కొంతమంది పోయారు. రెండేళ్లు నీళ్లలోనే ఉంది. 1992లో నిలబెట్టారు. ఆ రోజుల్లో ఇంట్లో అందరం దాని గురించే మాట్లాడుకునేవాళ్లం.) తర్వాత లక్డీకాపూల్లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే నేరుగా ఉప్పల్.

ఆదివారం మా వైపు. ఉప్పల్ నుంచి పరేడ్ గ్రౌండ్, అక్కడ గ్రీన్ లైన్ మారి సుల్తాన్ బజార్లో దిగండి. చదువుకునే పిల్లలు కదా, ముందు అబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాలు చూడండి, షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఆదివారమే పరుస్తారు. కానీ అక్కడే పాతుకుపోవద్దు. పన్నెండుకి పావుగంట ముందు సాలార్‌జంగ్‌లో గడియారం ఎదురుగా కూర్చుని ఉండాలి. అందులో ఒక పక్క చిన్న కమ్మరి సెకనుకో దెబ్బ చొప్పున కొడుతూనే ఉంటాడు. గంట అయ్యే ముందు తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకడొస్తాడు, గంట కొట్టి లోపలికి పోతాడు, అంతే. దానికే జనం బెంచీల మీద సర్దుకుని కూర్చుంటారు, నేను ఇరవైసార్లు చూసి ఉంటాను, ఇరవైసార్లూ కూర్చున్నాను. తర్వాత ముసుగు వేసుకున్న రెబెకా. పాలరాతి ముసుగులోంచి పాలరాతి ముఖం కనిపిస్తుంది, బెంజోని అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కాడు. మిగతా గదులు మీ ఓపిక.

అక్కడి నుంచి చార్మినార్‌కి నడవొచ్చు, దారంతా పత్తర్‌గట్టి. ముత్యాలు చూడండి, తెలిసినవాళ్లు పక్కన లేకుండా కొనకండి. పంటికి రాస్తే అసలుది సన్న ఇసుకలా గరగరమంటుంది, ప్లాస్టిక్ జారిపోతుంది. లాడ్ బజార్లో లక్క గాజులైతే కొనండి, చెప్పిన రేటులో సగం నుంచి మొదలుపెట్టండి. సిగ్గుపడితే అయిపోయినట్టే.

భోజనప్రియుడు 77

మాస్టారు తిండి మర్చిపోయారు. సింగిల్ బిర్యానీ అంటే ఒకరికి అనుకోకండి, అయిదుగురికి మూడు చాలు. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచితే మూడు లెక్కపెట్టేలోపు తీసెయ్యాలి, లేకపోతే కప్పు అడుగున వెతుక్కోవాలి.

మెట్టుగూడ అక్క

వెళ్లొచ్చాక ఎలా జరిగిందో రాయి చెల్లీ. అందరూ అడుగుతారు, తర్వాత మాయమైపోతారు.

రూం నంబర్ 214

మాయం కాలేదు అక్కా, సోమవారం ల్యాబ్ ఉంటే ఆలస్యమైంది.

బస్సులోనే మొదటి దెబ్బ. భీమవరం అమ్మాయి ముందే డబ్బులు చేతిలో పట్టుకుని రెడీగా ఉంది, కానీ మాలో ఇంకొకతి, జనగామ అమ్మాయి, ఆధార్ హాస్టల్ అల్మారాలో పెట్టి వచ్చింది. ఫోన్లో ఫొటో చూపిస్తే కండక్టర్ తల అడ్డంగా ఊపారు. టికెట్ కొట్టించుకుని ఉప్పల్ దాకా మాట్లాడలేదు, భీమవరం అమ్మాయి మాత్రం చాలా సంతోషంగా ఉంది.

కోటలో ఇద్దరం కింద ఉండిపోయి ముగ్గుర్ని పైకి పంపాం. చప్పట్లు కొట్టి, మళ్లీ కొట్టి, వినిపించిందా అని ఫోన్ చేస్తే "వినిపిస్తూనే ఉంది, అందులో మీదేదో చెప్పండి" అన్నారు. మాస్టారు చెప్పినట్టే అయింది. రామదాసు గదిలో మాత్రం ఫోన్లు జేబులో పెట్టి నిలబడ్డాం. నాకు ముందు హనుమంతుడు కనిపించాడు. మాలో ఎప్పుడూ వాగుతూ ఉండే అమ్మాయి బయటికొచ్చాక చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "పన్నెండేళ్లా" అంది.

రాత్రి తొమ్మిది ఇరవైకి ఇంట్లో ఉన్నాం. పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

ఆదివారం అబిడ్స్‌లో పాతుకుపోవద్దన్నారు, పాతుకుపోయాం. నాలుగేళ్ల పాత గేట్ పుస్తకం మీద ఇరవై రూపాయలు తగ్గించడానికి మా జనగామ అమ్మాయి ఇరవై అయిదు నిమిషాలు బేరం చేసింది (టికెట్ డబ్బులు రాబట్టాలట). మ్యూజియంలో గడియారం ముందుకి వెళ్లేసరికి పన్నెండూ నాలుగు. జనం లేచి వెళ్లిపోతున్నారు. సరే, ఒంటిగంట దాకా ఆగుదామని రెబెకాని చూసొచ్చి మళ్లీ బెంచీ పట్టుకుని కూర్చున్నాం. గడ్డం ఆయన వచ్చాడు, ఒక్కటి కొట్టాడు, వెళ్లిపోయాడు. ఒంటిగంటకి ఒక్కటే కదా కొట్టేది! అది మాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

మొత్తం తలకి 1,240 అయింది, గాజులతో కలిపి. ఇప్పుడొక చిన్న సమస్య. పిన్నికని రెండు జతలు తీసుకున్నాం, ఆవిడది టూ సిక్స్ అట, మేం తెచ్చింది టూ ఫోర్. మార్చి ఇస్తారా? బిల్లు లేదు.

పాతబస్తీ లెక్కల మాస్టారు

నేను రోజూ అటువైపే వెళ్తాను, కనుక్కుంటాను. షాపు ఎక్కడుంది, పేరు గుర్తుందా?

రూం నంబర్ 214

పేరు చూడలేదండీ. చార్మినార్ నుంచి లోపలికి వెళ్తే ఎడమ చేతి వైపు, బయట గాజులు వేలాడదీసి ఉంటాయి.

పాతబస్తీ లెక్కల మాస్టారు

తల్లీ, ఆ వీధంతా అంతే.