'స్నేక్ ఆయిల్'కి తెలుగులో ఏమనాలి?

ఒక అనువాదం రెండు రోజులుగా ఈ మాట దగ్గరే ఆగిపోయిందండీ. ఒక పెట్టుబడుల యాప్ పెట్టినవాణ్ణి ఇంగ్లిష్ వ్యాసకర్త 'స్నేక్ ఆయిల్' అమ్ముకునేవాడంటూ, అంటే పనిచెయ్యని సరుకును మాయమాటలతో అంటగట్టేవాడంటూ ఎద్దేవా చేశాడు. 'పాము నూనె' అని రాస్తే కీళ్ళనొప్పుల మందనుకుంటారు. 'నాటుమందు' అనడానికి మనసొప్పలేదు. నాటు అంటే ఊరిది, దొంగది కాదుగా!

మాట వెనక కథ బాగుంటుంది. అమెరికాలో క్లార్క్ స్టాన్లీ అని ఒకడు, తనకు తానే 'రాటిల్‌స్నేక్ కింగ్' బిరుదు తగిలించుకున్నాడు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో జనం ముందే పామును చీల్చి, మరిగే నీళ్ళలో వేసి, పైకి తేలిన కొవ్వు తీసి చూపించాడంటారు. సీసా అర డాలరు. 1916లో ప్రభుత్వం పట్టుకుని పరీక్ష చేయిస్తే తేలింది: ఖనిజ తైలం, ఒక శాతం కొవ్వు (అదీ బహుశా గొడ్డుది), మిరప ఘాటు. పాము ఊసే లేదు. జరిమానా 20 డాలర్లు!

— 'వైద్యరాజ నమస్తుభ్యం యమరాజ సహోదర' శ్లోకం ఉందిగా. యముడు ప్రాణాలే తీస్తాడు, వైద్యుడు ప్రాణంతోపాటు డబ్బూ తీస్తాడని. అందులోంచి 'యమసోదరుడు' తీసుకోండి.

— అది వైద్యుడి మీద విసురండీ, మందు మీద కాదు. పైగా మీ యాప్‌వాడు ప్రాణాలు తియ్యట్లేదు. మనకూ పామున్న మోసం ఒకటుంది, మర్చిపోయారా? సంతలో పాములవాడు పాముకీ ముంగిసకీ కొట్లాట పెడతానంటాడు. బుట్ట మూత అరంగుళం ఎత్తుతాడు, దించుతాడు. ఈలోగా తాయెత్తులు అమ్ముడైపోతాయి. ముంగిసను మాత్రం కట్టు విప్పడు. చిన్నప్పుడు ఎన్ని సంతల్లో నిలబడ్డానో, ఒక్క కొట్లాటా చూడలేదు.

— తాయెత్తంటే మోసమేనా? మా అమ్మమ్మ నమ్మకంతో కట్టింది, పైసా తీసుకోలేదు. అమ్మడంలోనే ఉంది కిటుకంతా. 1954 నాటి కేంద్ర చట్టం కూడా తాయెత్తు, మంత్రం, కవచం మూడింటినీ 'మేజిక్ రెమెడీ' కిందే లెక్కేసింది కానీ, నిషేధించింది రోగాలు నయమవుతాయని వాటికిచ్చే ప్రకటనలను. కట్టుకోవడాన్ని కాదు.

— అయితే నామవాచకం వదిలేసి క్రియ పట్టుకుంటాను. 'యాప్ పేరు చెప్పి తాయెత్తులు అమ్ముతున్నాడు.' ముంగిసను వచ్చే పేరాలో ఎక్కడైనా ఇరికిస్తాను.