సముద్రపు ఒడ్డున పాత చర్చిలో బరోక్ ప్రేమగీతాలు: మాటలు ఎందుకు వినపడలేదు?

ఉప్పుగాలి (ప్రశ్న)

సభ్యులకు నమస్కారం. నేను తొమ్మిదేళ్లుగా ఎడిన్‌బరోలో ఉంటున్నాను. చిన్నప్పుడు కాకినాడలో వర్ణాల దాకా సంగీతం నేర్చుకుని, ఇంజనీరింగ్ పేరుతో వదిలేసినదాన్ని. పోయిన నెల అమ్మ వచ్చినప్పుడు ఆమెను వెంటబెట్టుకుని, ఫోర్త్ అఖాతానికి అవతల ఫైఫ్ తీరంలో ఉన్న సెయింట్ మోనన్స్ అనే చిన్న చేపల రేవులో బరోక్ (17, 18 శతాబ్దాల యూరపు సంగీత శైలి) ప్రేమగీతాల కచేరీకి వెళ్లాను. కచేరీ జరిగింది ఊరి చివర, స్కాట్లండ్ రాజు రెండవ డేవిడ్ 1360లలో కట్టించిన చర్చిలో. ఆ గోడకూ నీటికీ మధ్య సమాధుల తోట, ఒక రాతి కట్ట తప్ప మరేమీ లేవు. లోపల అంతా తెల్ల సున్నం, తల మీద రాతి కమానులు, పైనుంచి వేలాడుతున్న తెరచాపల ఓడ బొమ్మ. పాడినావిడ ఒకరు; ఆమెకు ఒక పక్క మనిషంత పొడుగున్న థియోర్బో అనే తంత్రీవాద్యంతో ఒకాయన, మరో పక్క మోకాళ్ల మధ్య వియోలా ద గంబ అనే, కమానుతో వాయించే తంత్రీవాద్యం నిలబెట్టుకుని ఒక అమ్మాయి కూర్చున్నారు.

గొంతు అద్భుతంగా ఉంది, అందులో సందేహం లేదు. అయితే మేము ఆలస్యంగా వెళ్లి చిట్టచివరి బల్ల మీద కూర్చున్నందువల్లనో ఏమో, పాట మొదలైన రెండు నిమిషాలకే మాటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చివరికి స్వరం మాత్రమే మిగిలింది. ఇటాలియన్ పాటలు ఎలాగూ నాకు అర్థం కావు. ఇంగ్లీషు పాటల్లో కూడా నాలుగు మాటలు దొరకలేదు. పైగా ప్రతి పాటకూ ముందు ఆ థియోర్బో ఆయన మూడు నాలుగు నిమిషాలు శ్రుతి చేసుకుంటూనే ఉన్నాడు. బయటికి వచ్చాక అమ్మ, “శివాలయంలో జావళీల కచేరీ పెట్టినట్టుందే, వీళ్లకు అభ్యంతరం లేదా?” అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. ప్రేమగీతాలను చర్చిలో పాడటం మొదటినుంచీ ఉన్న ఆచారమేనా, మాటలు వినపడకపోవడం నా చెవి లోపమా, ఇలాంటి కచేరీని ఎలా వినాలి? తెలిసినవారు చెప్పగలరు.

తంత్రి

ఉప్పుగాలి గారూ, నేను లండన్‌లో మూడేళ్లుగా వియోలా ద గంబ నేర్చుకుంటున్నాను కాబట్టి ముందు శ్రుతి సంగతి చెబుతాను, ఆ థియోర్బో ఆయన మీద మీకున్న కోపం కొంతైనా తగ్గుతుంది. ఈ వాద్యాలకు సంప్రదాయంగా కట్టేవి లోహపు తీగలు కావు, గొర్రె పేగుతో పేనిన నరాలు. పేగు నరం గాలిలో తేమ పెరిగినా తగ్గినా కదులుతుంది. సముద్రపు గాలి తగిలే రాతి గదిలోకి వందమంది కోట్లు తడుపుకుని వచ్చి కూర్చుని ఊపిరి వదులుతుంటే, అరగంట కిందట చేసిన శ్రుతి నిలబడదు. థియోర్బోకు మామూలుగా 14 తంత్రులు, వాటిలో మంద్రానివి మెట్లు దాటి బయట ఉన్న పొడుగు మెడ మీద సాగుతాయి కాబట్టి పాట మారి శ్రుతి మారితే వాటిని విడివిడిగా సరిచేయాలి. ఎనభై ఏళ్లు బతికిన లూట్ (థియోర్బో కుటుంబంలోదే, మీటి వాయించే వాద్యం) వాదకుడు అందులో అరవై ఏళ్లు శ్రుతి చేయడంలోనే గడిపి ఉంటాడని యోహాన్ మాథెసన్ అనే జర్మన్ సంగీతజ్ఞుడు 1713లోనే ఎకసెక్కం చేశాడు. మా గంబకైతే మెట్లు కూడా నరాలే. వీణకు మైనం మీద బిగించినట్టు కాకుండా మెడ చుట్టూ ముడి వేసి కడతాం, అవసరమైతే వేలితో అటూ ఇటూ జరుపుతాం.

నా అనుభవం ఒకటి చెబుతాను. నిరుడు వేసవిలో ఒక తీరపు ఊళ్లో వాయించడానికి వెళ్లినప్పుడు, పై నరం ముందు రోజే నూలు పోగుల్లా లేచింది. లేచిన పోగులను గోళ్ల కత్తెరతో కత్తిరించి, కొంచెం నూనె రాసి, ఈ పూటకు గడిచిపోతుందిలే అనుకున్నాను. రెండో పాట మధ్యలో అది ఫట్‌మని తెగి నా చెంప మీద కొట్టింది. కొత్త నరం కట్టాక అది సాగుతూనే ఉంటుంది కాబట్టి ఆ రాత్రి మిగిలిన కచేరీ అంతా అపశ్రుతితో కుస్తీ. తప్పు పూర్తిగా నాదే.

ఇక మాటల సంగతి. మీ చెవిలో లోపమేమీ లేదు. ఈ పాటలు చర్చి కోసం పుట్టినవి కావు, సంపన్నుల ఇళ్లలో, రాజుల అంతఃపురాల్లో, తివాచీలూ తెరలూ ఉన్న గదిలో ఇరవై ముప్ఫైమంది కూర్చుని వినడానికి రాసినవి. రాతి కమాను కింద ప్రతి శబ్దమూ తిరిగి తిరిగి వస్తుంది, అచ్చులు సాగి నిలబడతాయి, హల్లులు మునిగిపోతాయి. తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అన్న మాట వినీ వినీ విసుగెత్తింది కానీ ఇక్కడ ఒక్కసారి పనికి వస్తుంది: ఇటాలియన్ మాటలు కూడా మనవాటిలాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ప్రతిధ్వనిలో అంతగా నలగవు. 17వ శతాబ్దపు ఇంగ్లీషు స్వరకర్త పర్సెల్ పాటలు హల్లుల గుంపులతో ముగుస్తాయి కాబట్టి చివరి బల్ల దాకా వచ్చేసరికి ముద్దవుతాయి. ఈసారి మొదటి నాలుగు వరసల్లో కూర్చోండి. అక్కడ మీకు గోడ నుంచి తిరిగి వచ్చే శబ్దం కంటే గాయని నోటి నుంచి నేరుగా వచ్చేదే ఎక్కువ వినపడుతుంది.

ఇంకొకటి గమనించండి. ఆ థియోర్బో ఆయన ముందున్న కాగితంలో ఆయన వాయించేదంతా రాసి ఉండదు. మంద్ర స్వరాల వరస ఒకటి, అక్కడక్కడ దాని మీద అంకెలు మాత్రమే ఉంటాయి, దీన్ని కంటిన్యువో అంటారు. ఆ అంకెలను పట్టుకుని ఎన్ని స్వరాలు మీటాలి, ఎప్పుడు విరిచి మీటాలి, గాయని ఊపిరి తీసే చోట ఎంత ఖాళీ వదలాలి అన్నది ఆ పూట వాదకుడి మనోధర్మం.

పదాల పంతులమ్మ

విజయవాడలో నలభై ఏళ్లుగా గాత్రం చెబుతున్నాను, బరోక్ సంగీతం నాకు మా అమ్మాయి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పంపే రికార్డుల ద్వారా పరిచయం. ఉప్పుగాలి గారి అమ్మగారి పోలిక నాకు చాలా నచ్చింది, కానీ ఒక్క సవరణ చేయనివ్వండి: అవి జావళీలు కావు, పదాలు. జావళీ ప్రధానంగా 19వ శతాబ్దపు సరకు, చురుకైన నడక, కొంటెతనం దాని సొత్తు. పదం 17వ శతాబ్దానిది, విలంబంలో నడుస్తుంది, ఒక్కొక్క మాట మీద నిలిచి దాని బరువు చూపిస్తుంది. వెనిస్‌లో బార్బరా స్ట్రోజ్జీ (1619–1677) అనే స్వరకర్త విరహగీతాలు అచ్చువేయిస్తున్న కాలమూ, క్షేత్రయ్య మధుర, తంజావూరు, గోలకొండ ఆస్థానాల్లో పదాలు వినిపిస్తున్న కాలమూ ఇంచుమించు ఒకటే. ఒకరి పేరు ఒకరు వినే అవకాశమే లేదు, అయినా నాయిక అలకను నాలుగు పంక్తుల్లో పెట్టి పది నిమిషాలు పాడించే పద్ధతి ఇద్దరి దగ్గరా ఉంది.

స్ట్రోజ్జీ 1651లో అచ్చువేయించిన ఒక విలాపగీతంలో మంద్రంలో నాలుగే స్వరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. మన లెక్కలో చెప్పాలంటే పై షడ్జం నుంచి కైశికి నిషాదం, శుద్ధ ధైవతం మీదుగా పంచమానికి దిగే నాలుగు మెట్లు, స ని ద ప. ఆ రోజుల్లో ఇటలీలో ఈ దిగుడు వినిపించిందంటే ఏడుపు పాట అని శ్రోతకు తెలిసిపోయేది. కింద ఆ నాలుగు స్వరాలు మారవు, పైన గాయని మాత్రం వాటికి లొంగదు. తాళం ఆవృత్తం పూర్తయిన చోట పంక్తిని పూర్తి చేయదు, ఒక అడుగు ముందో ఒక అడుగు వెనకో ఆపుతుంది. అనాగత, అతీత ఎడుపులు (తాళం మొదలుకు కాస్త వెనకో ముందో పాట ఎత్తుకోవడం) తెలిసిన మనకు ఆ సుఖం వెంటనే అందుతుంది. కాబట్టి మాట వినపడని చోట ఆ నాలుగు మెట్లను పట్టుకోండి, పాట మీ చేతికి వస్తుంది. మాటల అర్థం మాత్రం ముందు రోజే చదువుకుని వెళ్లాలి. పదం విషయంలోనూ అంతే, సాహిత్యం తెలియకుండా వింటే సగమే విన్నట్టు.

గుళ్లో శృంగారం ఏమిటి అన్నదానికి నా జవాబు చిన్నది. క్షేత్రయ్య నాయకుడైన మువ్వగోపాలుడిని మందలించే పదాలను దేవదాసీలు దేవుడి ముందే అభినయించారు. ప్రేమకూ భక్తికీ మధ్య గోడ మనం కట్టుకున్నదే, చర్చిలో ప్రేమగీతం వినపడితే నాకు ఎబ్బెట్టుగా తోచదు.

డెల్టా

పంతులమ్మ గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మాది నరసాపురం పక్కన, మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం, నేను కొంతకాలం స్కాట్లండ్‌లో చదువుకుని అక్కడి సంఘంలో ఆరాధనకు వెళ్లినవాణ్ని. పదంలో నాయకుడు గోపాలుడు, అంటే దేవుడే. స్ట్రోజ్జీ పాటలో, పర్సెల్ నాటకపు పాటలో నాయకుడు మామూలు మగవాడు. వాటి మీద భక్తి అనే కొంగు కప్పకండి. పరమగీతము మా బైబిలులోనే ఉంది, శృంగారం మాకు కొత్త కాదు, కానీ ఆ పోలికతో ప్రతి ప్రేమగీతాన్నీ వేదిక ఎక్కించలేం.

సెయింట్ మోనన్స్ చర్చి సంగతికి వస్తే అసలు వింత వేరే ఉంది. 1560లో స్కాట్లండ్‌లో మతసంస్కరణ జరిగాక ఆ సంఘాల్లో కీర్తనలను వాద్యం లేకుండా పాడటమే నియమమైంది, ఆర్గాన్‌ను సైతం ఈలల పెట్టె అని వెక్కిరించి బయట పెట్టారు. ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ చర్చిలో 1860లలో ఆర్గాన్ పెట్టినప్పుడు కూడా పెద్ద రగడే అయింది. అంటే పర్సెల్ బతికి ఉన్న రోజుల్లో (1659–1695) ఎవరైనా థియోర్బో పట్టుకుని ఆ తలుపు దాకా వచ్చి ఉంటే సంఘపెద్దలు గడప తొక్కనిచ్చేవారు కారు. అదే పర్సెల్ లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆర్గాన్ వాయిస్తూ, మరో పక్క నాటకశాలలకు ప్రేమగీతాలు రాసిచ్చేవాడు, అది ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘపు) పద్ధతి, లెక్క వేరు. సెయింట్ మోనన్స్ సంఘస్థులు అంతా జాలర్లు. సమాధుల తోటలో చెట్టుకు కట్టిన గంట మోగితే చేపలు బెదిరిపోతాయని హెర్రింగ్ చేపల కాలంలో ఆ గంటనే దించేసేవారని చెబుతారు. గంట మోతకే అంత ఆలోచించిన ఊరు అది.

ఇప్పుడు ఎందుకు ఒప్పుకుంటున్నారంటే కారణం అందరికీ తెలిసిందే. ఆదివారం వచ్చేవారు తగ్గిపోయారు, స్కాట్లండ్ సంఘం చాలా భవనాలను మూసి అమ్మకానికి పెడుతోంది, ఆరు వందల ఏళ్ల రాతి కప్పును సముద్రం పక్కన నిలబెట్టడం చవక పని కాదు. సంఘం ఒప్పుకుని తాళం చెవి ఇస్తే కచేరీ పెట్టుకోవడంలో నాకూ అభ్యంతరం లేదు, ఖాళీగా ఉండి కూలిపోవడం కంటే నయమే. నా అభ్యంతరం అంతా, “ఇది కూడా ఒక రకమైన ఆరాధనే” అని వినేవాళ్లు తమకు తాము నచ్చజెప్పుకోవడం మీదనే.

సరస్వతీ మహలు

చర్చ మధ్యలోకి వస్తున్నందుకు మన్నించండి, ఒక్క ముక్క చెప్పి వెళతాను. ఇలాంటి కచేరీల్లో తరచూ మొదట పాడేది జాన్ డౌలండ్ అనే స్వరకర్త పాటలు, ఆయన కాలం లెక్కన బరోక్‌కు కాస్త ముందువాడు. ఆయన 1598 నుంచి 1606 దాకా డెన్మార్క్ రాజు నాలుగవ క్రిస్టియన్ కొలువులో లూట్ వాయించాడు. ఆ రాజు చెల్లెలు... కాదు, అక్క ఆన్ (తొందరలో తప్పు రాశాను), స్కాట్లండ్ రాజు ఆరవ జేమ్స్ భార్య. పెళ్లి కానుకగా ఆమెకు ఇదే ఫైఫ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్ దక్కింది, డౌలండ్ 1604లో తన వాద్యసంగీత సంపుటిని ఆమెకే అంకితమిచ్చాడు. ఇక 1620లో అదే నాలుగవ క్రిస్టియన్ తరఫున వచ్చిన నౌకాధిపతికి తమిళ తీరంలోని తరంగంబాడిలో కోట కట్టుకోవడానికి ఒప్పందం రాసిచ్చినవాడు తంజావూరు రఘునాథ నాయకుడు, స్వయంగా తెలుగు కవి, 24 మెట్ల వీణను స్థిరపరిచాడని పేరున్నవాడు. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులోనే క్షేత్రయ్య పదాలు పాడాడు. పంతులమ్మ గారు ఒకరి పేరు ఒకరు వినే అవకాశం లేదన్నారు, నిజమే, కానీ రెండు కొలువుల మధ్య ఓడలు మాత్రం తిరిగాయి. తరంగంబాడి ఒడ్డున కూడా 1718లో కట్టిన చర్చి ఒకటి ఇప్పటికీ ఉంది.

ఉప్పుగాలి

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ నిన్న రాత్రి ఫోనులో అమ్మకు చదివి వినిపించాను. డెల్టా గారి వాదన వినగానే, “ఆయన చెప్పింది సబబుగా ఉంది, కానీ పాట బాగుందిగా” అంది. పదం, జావళీల తేడా దగ్గర మాత్రం ఒప్పుకోలేదు, పంతులమ్మ గారితో నేరుగా మాట్లాడతానంటోంది, మీకు అభ్యంతరం లేకపోతే సందేశంలో తెలియజేయండి. తంత్రి గారు చెప్పిన నాలుగు మెట్ల... క్షమించాలి, పంతులమ్మ గారు చెప్పిన స ని ద ప దిగుడును ఇంట్లో రికార్డు పెట్టుకుని పట్టుకున్నాను. మూడోసారికి దొరికింది, దొరికాక ఇక వదలడం లేదు, గిన్నెలు తోముతూ కూడా అదే పాడుతున్నాను.

శరదృతువులో అదే తీరంలో మరో చర్చిలో ఇలాంటి కచేరీయే ఉందని తెలిసి రెండో వరసలో చోటు తీసుకున్నాను. నిర్వాహకులకు రాస్తే పాటల సాహిత్యం ముందుగానే పంపిస్తామన్నారు. బల్లలు గట్టివి కాబట్టి దిండు తీసుకెళ్లమని అమ్మ హెచ్చరిక.