ఐర్లండ్‌లో చేతిపని వస్తువులు కొనాలి: అసలైనవి ఎలా గుర్తుపట్టాలి? (మే నెల ప్రయాణం)

ప్రశ్న: రాజమండ్రి నుంచి, రిటైర్డ్ టీచర్

అందరికీ నమస్కారం. మా అమ్మాయి లిమరిక్‌లో ఉంటుంది. మనవడి మొదటి పుట్టినరోజుకి మే నెలలో నేనూ మావారూ వస్తున్నాం, మూడు వారాలు ఉంటాం. తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీలో ఉన్న మా తమ్ముడికి, ఇద్దరు తోడికోడళ్ళకి, నాతో ఏళ్ళ తరబడి పనిచేసిన ఇద్దరు టీచర్లకి ఏదైనా పట్టుకెళ్ళాలి. ఎయిర్‌పోర్టులో అమ్మే అయస్కాంతం బిళ్ళలు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అక్కడి మనిషి కూర్చుని చేసిన వస్తువే కావాలి, చిన్నదైనా ఫరవాలేదు.

అక్కడి అరన్ దీవుల పేరుతో వచ్చే ఉన్ని స్వెట్టర్ల గురించి చదివాను. ఇంటిపేరుకో అల్లిక ఉంటుందనీ, సముద్రంలో పోయినవాళ్ళని దాన్నిబట్టే గుర్తుపట్టేవారనీ రాశారు. నిజమేనా? చేతితో అల్లింది ఏదో, మిషన్ మీద అల్లింది ఏదో చూసి చెప్పడం ఎలా? బెలీక్ పింగాణీ తయారయ్యే చోటు కూడా చూడాలని ఉంది. అమ్మాయికి సెలవులు తక్కువ, చాలాచోట్లకి మేమిద్దరమే వెళ్ళాలి. మావారికి మోకాళ్ళ నొప్పులు. బట్టలు ఏం సర్దుకోవాలో కూడా చెప్పండి.

జవాబు 1: గాల్వే నుంచి, చీరాల ఆడపడుచు

టీచరుగారూ, మీ ప్రశ్న చూసి రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి మరీ రాస్తున్నాను. మాది చీరాల, మా నాన్నగారు గుంటమగ్గం మీద నేసేవారు. బడి నుంచి రాగానే కండెలు చుట్టడం నా పని. ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయింది.

ముందు నేను ఎక్కడ పొరబడ్డానో చెబుతాను. వచ్చిన మొదటి చలికాలం ఒక కొట్లో స్వెట్టర్ మీద ‘హ్యాండ్ లూమ్డ్’ అని చీటీ చూశాను. హ్యాండ్‌లూమ్ అంటే మనకి చేనేతే కదా! ఇంక ధర కూడా అడగకుండా తీసుకున్నాను. తర్వాత తెలిసింది, స్వెట్టర్ల విషయంలో ఆ మాటకి అర్థం వేరు. చేత్తో అటూ ఇటూ తోసే అల్లిక మిషన్ మీద చేసింది అని. అది తప్పుడు సరుకేం కాదు, మనిషి శ్రమ అందులోనూ ఉంది. కానీ రెండు సూదులు పట్టుకుని ఒక్కో కుట్టూ వేసింది మాత్రం కాదు. మీకు అలాంటిదే కావాలంటే చీటీ మీద ‘హ్యాండ్ నిటెడ్’ అని ఉండాలి. చాలాసార్లు అల్లినవాళ్ళ పేరు కూడా రాసి ఉంటుంది. ఉత్త ‘డిజైన్డ్ ఇన్ ఐర్లండ్’ అని ఉంటే తయారీ ఎక్కడో అడగండి, మొహమాటపడకండి.

చేత్తో పట్టుకున్నా కొంత తెలుస్తుంది. ఒకే సైజు, ఒకే డిజైన్ ఉన్నవి రెండు పక్కపక్కన పెట్టండి. చేతి అల్లికలో రెండూ అచ్చంగా ఒక్కలా ఉండవు, ఒకదాంట్లో చేయి బిగువు, ఇంకోదాంట్లో కాస్త వదులు. లోపలి వైపు తిప్పి చూడండి. పోచంపల్లి చీర కొనేటప్పుడు మనం వెనకవైపు తిప్పి చూస్తామే, అలాగే. ఒక పెద్ద స్వెట్టర్ చేత్తో అల్లడానికి వారాలు పడుతుంది, కాబట్టి అరవై యూరోలకి చేతి అల్లిక అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంకో మాట, చాలా అరన్ స్వెట్టర్లలో ఉన్ని మెరినో అనే వేరే జాతి గొర్రెది, ఐర్లండ్ గొర్రెది కాదు. ఇక్కడి ఉన్ని గరుగ్గా ఉంటుంది.

ఇంటిపేరుకో అల్లిక అన్నది అమ్మకం కోసం తర్వాత పుట్టిన కథ. దాని మూలం 1904 నాటి ఒక నాటకంలో ఉందంటారు. అందులో ఒక చెల్లెలు, మునిగిపోయిన అన్న మేజోడుని అరవై కుట్లతో మొదలుపెట్టి నాలుగు వదిలేశానని లెక్క చూసి గుర్తుపడుతుంది. చూడండి, ఆమె గుర్తుపట్టింది ఇంటిపేరుని కాదు, తన చేతి పనిని. నాకు ఆ అసలు కథే ఎక్కువ నచ్చింది.

ఆ అరన్ దీవులకి వెళ్ళాలంటే గాల్వే నుంచి రోసవీల్ రేవుకి బస్సు, అక్కడినుంచి పెద్ద దీవి ఇనిష్ మోర్‌కి పడవ, ముప్పావుగంట లోపే. గాలి ఎక్కువుంటే పడవలు ఆపేస్తారు, అందుకని తిరుగు విమానానికి ముందురోజు పెట్టుకోకండి. దీవి మీద డూన్ ఏంగస్ కోటకి రాళ్ళ బాట ఎక్కాలి, బాబాయిగారి మోకాళ్ళకి అది వద్దు. మధ్య దీవి ఇనిష్ మాన్‌లో 1976 నుంచి ఒక అల్లిక కంపెనీ నడుస్తోంది.

కానీ నన్నడిగితే, స్వెట్టర్ మీ తమ్ముడుగారికి ఒక్కరికే. ఢిల్లీ చలికి పనికొస్తుంది. రాజమండ్రిలో అది బీరువాలో కలరా ఉండల మధ్యే ఉంటుంది. మిగతావాళ్ళకి డొనెగాల్ కౌంటీలో నేసే ఉన్ని గుడ్డ, డొనెగాల్ ట్వీడ్ చూడండి. బూడిద రంగు గుడ్డలో పసుపు, ఎరుపు, నీలం చుక్కలు చల్లినట్టు ఉంటాయే, అదే. ఆ చుక్కలు అద్దకం కాదు, ఉన్ని దువ్వి దారం వడికేటప్పుడే రంగు ఉన్ని ఉండల్ని అందులో కలుపుతారు. ఇప్పుడు ఎక్కువభాగం పవర్‌లూమ్ మీదే వస్తుంది. చేనేతది కావాలంటే కిల్కార్, ఆర్డరా ఊళ్ళు. కిల్కార్‌లో స్టూడియో డొనెగాల్‌లో మగ్గం ఆడుతుండగా నిలబడి చూశాను. పడుగు, పేక, నాడె అన్నీ మనవే. ఇక్కడ మగ్గం నేలమీద నిలబెట్టి ఉంటుంది, మా నాన్నగారిది గుంటలో. ఆ చప్పుడు విని అక్కడే ఏడ్చేశాను. నేసే ఆయన ఆపి, ఏమైందని అడిగాడు. ఫోన్లో నాన్నగారి మగ్గం ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు. మఫ్లర్, టోపీ, చిన్న సంచి లాంటివి అయితే సూట్‌కేసులో బరువు కూడా ఉండదు.

మనవడికి దుప్పటి కావాలంటే మేయో కౌంటీలో ఫాక్స్‌ఫర్డ్ ఉన్ని మిల్లు ఉంది. 1892లో ఆ ఊరి పేదరికం చూసి ఒక సన్యాసిని మొదలుపెట్టిన మిల్లు అది.

జవాబు 2: ఎన్నిస్కిలెన్ నుంచి

బెలీక్ సంగతి నేను చెబుతాను మేడమ్. 1857లో పెట్టిన ఆ కార్ఖానా ఫెర్మానా కౌంటీలో, అంటే ఉత్తర ఐర్లండ్‌లో ఉంది. అది యూకే కిందకి వస్తుంది. సరిహద్దులో గేటు, పోలీసు ఎవరూ ఉండరు, స్పీడు బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్ళలోకి మారతాయి, అంతే. అందుకే చాలామంది తెలియకుండా దాటేస్తారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి అటువైపు అనుమతి కూడా ఉండాలి. మీ ఐరిష్ వీసా మీద ‘బీఐవీఎస్’ (బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి వీసా పథకం) అనే అక్షరాలు ఉంటే ఆ ఒక్క వీసాతో రెండువైపులా తిరగొచ్చు, కానీ మొదట ఐర్లండ్‌లోనే దిగాలి. స్టిక్కర్ చేతికి రాగానే ఆ అక్షరాలు చూసుకోండి. లేకపోతే బెలీక్ ఆశ ఈసారికి వదిలేయండి. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు లేదు, మేం వెళ్ళలేదు. ఐర్లండ్ షెంగెన్‌లో, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా ఏర్పాటులో, లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

వెళ్ళగలిగితే మాత్రం బుట్ట అల్లే చోట నిలబడండి. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు సన్నటి మట్టి తీగలు తీసి, వాటిని చేత్తో బుట్టలా అల్లుతారు. ఆపైన పూరేకులు ఒక్కొక్కటే అతికిస్తారు. వస్తువు అడుగున కుక్క, గుండ్రటి గోపురం, వీణ లాంటి హార్ప్, మూడు రేకుల షామ్‌రాక్ ఆకులు ఉన్న ముద్ర చూడండి. అక్కడ పౌండ్లు నడుస్తాయి.

జవాబు 3: గాల్వే నుంచి, నర్సు

తోడికోడళ్ళకి వెండి క్లాడా ఉంగరాలు ఇవ్వండి ఆంటీ. రెండు చేతులు, మధ్యన హృదయం, పైన కిరీటం. క్లాడా అంటే గాల్వేని ఆనుకుని ఉన్న పాత జాలరి పల్లె. బంగారంలో తీసుకుంటే లోపలి అంకె చూడండి: 375 అంటే 9 క్యారెట్లు, 585 అంటే 14, 750 అంటే 18. మా అమ్మ 375 చూసి ‘ఇది బంగారమేనా’ అని బాధపడింది. 916 అలవాటైన ఇల్లు మాది. ఇక్కడ ఆభరణానికి అదే మామూలు, మోసం కాదు. హాల్‌మార్కు వేసేది డబ్లిన్‌లోని అస్సే ఆఫీసు, అంటే లోహం స్వచ్ఛత పరీక్షించే చోటు, 1637 నుంచి ఉంది. ఆ ముద్ర, చేసినవారి గుర్తు రెండూ లేనిది కొనకండి. వెండికి 925 ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. వీసా స్టిక్కర్ తీసి చూశాను, ఆ నాలుగు అక్షరాలూ ఉన్నాయి! చీరాల అమ్మాయీ, మీ నాన్నగారి మగ్గం గురించి చదివి మావారికి వినిపించాను. కిల్కార్ తప్పకుండా వెళ్తాం. బట్టల సంగతి ఎవరూ చెప్పలేదు. టాక్సు వెనక్కి ఇస్తారని కూడా విన్నాను.

జవాబు 1 మళ్ళీ

మర్చిపోయాను టీచరుగారూ. గొడుగు వద్దు, పడమటి తీరం గాలికి తిరగబడిపోతుంది. తలకి కప్పు ఉన్న రెయిన్‌కోటు, లోపల పల్చటివి రెండు పొరలు, తడవని బూట్లు చాలు. చీరలు రెండే పెట్టుకోండి. మన ప్లగ్గులు ఇక్కడ పట్టవు, మూడు చదరపు పుల్లల అడాప్టర్ కావాలి. మేలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, తొందరపడక్కర్లేదు.

టాక్సు మీకు వస్తుంది, ఈయూ బయట ఉంటారు కాబట్టి. మీ అమ్మాయికి రాదు, అందుకని బిల్లు మీ పేరు మీదే వేయించండి. కొన్నప్పుడే కొట్లో టాక్సు వాపసు ఫారం అడగాలి. కొన్న వస్తువులు చెక్-ఇన్‌లో ఇచ్చే పెట్టెలో అడుగున పెట్టకండి, కస్టమ్స్‌వాళ్ళు చూపించమంటారు.

కిల్కార్‌కి కారు ఉంటేనే సుఖం. ఇక్కడ కూడా ఎడమవైపే నడుపుతారు. ఏ తారీఖున వెళ్తున్నారో రాయండి. ఆ రోజు నాకు డ్యూటీ లేకపోతే గాల్వే నుంచి మిమ్మల్ని నేనే తీసుకెళ్తాను.