స్క్రీన్ ఎలా ఉండాలో ముందే రాసి సంతకం తీసుకోవాలా, చూపించాక రాసుకోవాలా?

కపిలతీర్థం_కోడర్: పలమనేరు వైపు పాల కేంద్రాలకు యాప్ చేశాం. రిక్వైర్‌మెంట్లలో, అంటే యాప్ ఎలా ఉండాలో రాసుకున్న కాగితాల్లో, స్క్రీన్ గురించి ఒక్కటే లైను, 'వాడటానికి సులువుగా ఉండాలి'. మేనేజరు సంతకం పెట్టారు. తీరా ఇచ్చాక సులువుగా లేదని మూడోసారి మార్పిస్తున్నారు, డబ్బు ఆపేశారు. ఇకమీదట ప్రతి బటనూ రాసి సంతకం పడేదాకా కోడ్ ముట్టను. తప్పా?

అలిపిరి_టెస్టర్: తప్పే తమ్ముడూ. సంతకం పెట్టేది ఆయన, తెల్లారి క్యాన్ల మధ్య నిలబడి నొక్కేది ఇంకో అబ్బాయి. నువ్వు నూరు పేజీలు రాసినా అతను చదవడు. నాలుగు కాగితాల మీద స్క్రీన్లు గీసి అతని ముందు పెట్టు. 'ఇక్కడ నొక్కాలి' అని చెప్పొద్దు. 'ఈ రైతు పాల లెక్క ఎక్కించు' అని నోరు మూసుకుని చూడు. ఐదుగురితో చేయిస్తే 85 శాతం లోపాలు బయటపడతాయని, యాప్‌లు, సైట్లు వాడటానికి ఎంత సులువో పరీక్షించే నిపుణుడు యాకోబ్ నీల్సన్ 2000లోనే రాశాడు.

మామిడితోట: ఆ 85, ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం లోపాలు కనబడతాయన్న లెక్క మీద వచ్చింది. అన్ని యాప్‌లకూ అదే వర్తిస్తుందని ఎవరన్నారు? పైగా నెట్ పోతే ఏం కావాలి, తప్పు అంకె కొడితే ఏమనాలి అన్నవి బొమ్మలో కనబడవు. అవి రాయాల్సిందే. 'సులువు' అనే మాటనూ కొలవొచ్చు. ఎవరు, ఏ పనికి, ఎలాంటి చోట వాడతారో చెప్పమని ఐఎస్‌ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణం అంటుంది. 'కొత్తగా చేరినవాడు, పక్కన ఎవరూ చెప్పకుండా, ఒక రైతు పాల లెక్క 20 సెకన్లలో తప్పులేకుండా ఎక్కించాలి' అని రాయి. అప్పుడు గడియారం పెట్టి తేల్చుకోవచ్చు, కొట్లాట ఉండదు.

అలిపిరి_టెస్టర్: 20 ఎక్కడినుంచి వచ్చిందన్నా? కేంద్రానికి పోయి చూడకుండానే?

కపిలతీర్థం_కోడర్: ఇవాళ తొలి బస్సుకే పోయొచ్చా. ఆ అబ్బాయి వేళ్ల నిండా తడి. ఫ్యాట్ (పాలలో వెన్న శాతం) గడి నొక్కితే అక్షరాల కీబోర్డు వస్తోంది, అంకెలకు ఇంకో నొక్కు. చుక్క పడక 4.2 కాస్తా 42 అయి కూర్చుంది. వరసలో ఒకావిడ "ఈ పొద్దు నా పాలకు బాగా గిట్టుతుందిలే" అని నవ్వింది. అతను ఫోన్ పక్కన పడేసి పాత నోటుబుక్కు తీశాడు. అందులో వరస: సభ్యుడి నంబరు, లీటర్లు, ఫ్యాట్. మా స్క్రీన్లో మొదట పేరు, ఊరు, ఫోన్ నంబరు!

అలిపిరి_టెస్టర్: ఆ పేజీ ఫోటో తీశావా?

కపిలతీర్థం_కోడర్: తీశా. సంతకం మాత్రం వదలనక్కా. ఈసారి మేనేజరు కింద ఆ అబ్బాయిది కూడా.

మామిడితోట: ఫ్యాట్ ఎంతనుంచి ఎంతవరకు ఒప్పుకోవాలో రాశావా? ముందు అది చెప్పు.