టాప్‌లోడ్ వాషింగ్ మెషిన్ ఉతుకుతోంది గానీ నీళ్లు వదలదు, పిండదు: ఏం చూడాలి?

తడిబట్ట:
మా ఇంటి టాప్‌లోడ్ ఆటోమేటిక్ యంత్రం బట్టలు బాగానే ఉతుకుతోంది గానీ, ఆ నీటిని బయటికి వదలడానికి మునుపటి కంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంటోంది. నీళ్లు పూర్తిగా పోకముందే బీప్ శబ్దాలతో ఆగిపోయి, తెరపై ‘ఓఈ’ అని చూపిస్తోంది. పిండే దశ మొదలవడమే లేదు. వారంటీ ముగిసిపోయింది. ఫోనులో లక్షణాలు విన్న మెకానిక్ ఒకరు యంత్రాన్ని చూడకుండానే, దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలని తేల్చేశారు. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు ఇంట్లోనే పరీక్షించుకోదగినవి ఏమైనా ఉంటే అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతటెస్టర్:
తడిబట్ట గారూ, బోర్డు సంగతి చివర్లో చూద్దాం. పిండడం లేదన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం పిండే భాగాల్లో కాక, నీళ్లు పోయే దారిలో దొరుకుతుంది. టబ్బు ఖాళీ అయిందని, నీటి మట్టాన్ని పసిగట్టే ప్రెషర్ సెన్సర్ తెలియజేసేదాకా బోర్డు డ్రమ్మును వేగంగా తిరగనివ్వదు. నిర్ణీత సమయంలోగా ఖాళీ కాకపోతే కోడ్ చూపించి ఆపేస్తుంది. కోడ్ అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మీ మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే బోర్డు తన పని తాను చేస్తున్నట్టే ఉంది.

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే కొన్ని గమనించి చెప్పండి. డ్రెయిన్ పైపు నేల మీదుగా పల్లానికి పోతోందా, లేక దేనిమీదికైనా ఎత్తి పెట్టారా? పంపు లేని యంత్రాల్లో నీరు తన బరువుతోనే బయటికి పోవాలి కాబట్టి పైపు కాస్త ఎత్తుగా ఉన్నా, గుమ్మం దగ్గర నొక్కుకుపోయినా ధార సన్నబడుతుంది. నీళ్లు వదిలే దశ మొదలైనప్పుడు అడుగు భాగంలో చిన్న మోటారు గుర్రుమని, ఆ వెంటనే ఏదో లాగి పట్టుకున్న శబ్దం వస్తోందా? అన్నిటికంటే ముఖ్యంగా, యంత్రం నీళ్లు నింపుకుంటున్నప్పుడు డ్రెయిన్ పైపు చివర నుంచి ఏమైనా కారుతోందా?

సబ్బునురగ:
మాకూ అచ్చం ఇలాగే జరిగింది, బోర్డు మార్చాకే బాగుపడింది. కాబట్టి మెకానిక్ మాటను పూర్తిగా కొట్టిపారేయవద్దని నా మనవి.

తడిబట్ట:
పాతటెస్టర్ గారూ, పైపు నేల మీదే ఉంది, మెలిక కూడా లేదు. మీరు చెప్పిన శబ్దం స్పష్టంగా వినిపిస్తోంది. మీరు అడిగాక పైపు చివర గిన్నె పెట్టి చూశాను. నీళ్లు నింపుకుంటున్నంతసేపూ సన్నగా కారుతూనే ఉంది. టబ్బు నిండడానికి ఎక్కువసేపు పడుతున్నది కుళాయిలో ఒత్తిడి తగ్గినందువల్లనేమో అనుకుంటున్నాను.

పాతటెస్టర్:
అయితే దాదాపు దొరికినట్టే. పల్సేటర్ (డ్రమ్ము అడుగున తిరుగుతూ బట్టలను ఉతికే పళ్లెం) ఉండే టాప్‌లోడ్ యంత్రాల్లో చాలా వాటికి డ్రెయిన్ మోటారు అనే చిన్న మోటారు ఒకటి ఉంటుంది. అది ఒకే లాగుడుతో రెండు పనులు చేస్తుంది: డ్రెయిన్ వాల్వులోని రబ్బరు మూతను వెనక్కి లాగి నీటికి దారి ఇస్తుంది, అదే సమయంలో క్లచ్ మీటను కదిలించి బ్రేకును వదిలించి, అంతదాకా పల్సేటర్‌ను మాత్రమే తిప్పుతున్న మోటారుకు డ్రమ్మును కూడా జతచేస్తుంది. అందుకే ఈ చిన్న మోటారు కాలిపోతే నీళ్లూ పోవు, డ్రమ్మూ తిరగదు. రెండు భాగాలు ఒకేసారి చెడిపోయాయన్న భ్రమ కలుగుతుంది. బోర్డు పోయిందని తీర్పు చెప్పేవారిలో చాలామంది ఇక్కడే తొందరపడతారు.

మీ యంత్రంలో లాగుతున్న శబ్దం వస్తోంది కాబట్టి మోటారూ, దానికి కరెంటు పంపే బోర్డూ రెండూ బతికే ఉన్నాయి. నింపేటప్పుడు కారడం, వదిలేటప్పుడు ధార సన్నబడడం రెండూ కలిసి కనబడితే రబ్బరు మూత ఆనే చోట ఏదో ఇరుక్కుందని అర్థం. అది అడ్డుపడడం వల్ల మూత పూర్తిగా ఆనదు, తెరిచినప్పుడు నీటికి సరిపడా చోటూ ఉండదు.

విప్పే పద్ధతి ఇది. ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్చి ఆపితే చాలదు. కుళాయి కట్టేసి, టబ్బులో మిగిలిన నీటిని మగ్గుతో తోడేయండి, ఎందుకంటే వాల్వు మూత ఊడగానే ఆ నీరంతా మీ కాళ్ల మీదికే వస్తుంది. వెనుక పలక తీస్తే టబ్బు అడుగున, డ్రెయిన్ పైపు మొదలయ్యే చోట ప్లాస్టిక్ వాల్వు గది కనబడుతుంది. ఏ భాగాన్ని కదిలించే ముందైనా ఫోనుతో ఫోటో తీసుకోండి. మోటారు కొక్కెం నుంచి లాగుడు కడ్డీని తప్పించి, వాల్వు మూతను తిప్పితే లోపలి స్ప్రింగూ, రబ్బరు బెల్లోసూ (మడతలుగా ఉండే ఆ రబ్బరు మూతే) బయటికి వస్తాయి. రబ్బరు అంచును వేలితో తడిమి చూడండి. చీలిక ఉంటే కడిగి లాభం లేదు, మార్చాల్సిందే. వెనుక పలక అంచులు చాకులా ఉంటాయి, చేతి తొడుగులు మరవకండి.

సబ్బునురగ గారూ, మీకు బోర్డే పోయి ఉండవచ్చు, కాదనను. అయితే దాన్ని అనుమానించే ముందు ప్లగ్గు పీకి, డ్రెయిన్ మోటారు తీగలను విడదీసి, మల్టీమీటర్‌తో కాయిల్ రెసిస్టెన్స్ చూడాలి. అది కొన్ని కిలో ఓమ్‌లు చూపి, కొక్కెం, వైర్లు కూడా సరిగ్గా ఉన్నప్పటికీ మోటారు కదలకపోతే అప్పుడు బోర్డు వైపు వేలు చూపించవచ్చు. కరెంటు ఉండగా వోల్టేజీ కొలిచే పని తడి నేల మీద ఎవరూ చేయవద్దు.

మేడట్యాంకు:
చిన్న చేర్పు. టబ్బు ఎండిపోయినా అదే కోడ్ వస్తోందంటే ప్రెషర్ సెన్సర్‌కు వెళ్లే సన్నని గాలి గొట్టాన్ని చూడాలి. సబ్బు జిడ్డు పేరుకుని గొట్టం మూసుకుపోతే లోపల గాలి బిగుసుకుపోయి, నీళ్లు ఇంకా ఉన్నాయనే సెన్సర్ అనుకుంటుంది. గొట్టాన్ని సెన్సర్ నుంచి ఊడదీసి టబ్బు వైపు మెల్లగా ఊదితే దారి తెరుచుకుంటుంది. సెన్సర్‌లోకి మాత్రం ఊదకూడదు. ఆ గొట్టానికి చిల్లు పడితే ఫలితం తలకిందులవుతుంది, నీరు ఎంత నిండినా తెలియక పొంగిపోతుంది.

గ్రీజుచెయ్యి:
నీళ్లు చక్కగా పోయాక కూడా డ్రమ్ము తిరగని యంత్రాల గురించి రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే ఈ చర్చ చదివి అందరూ వాల్వు విప్పడం మొదలుపెడతారు. మోటారు హమ్ మంటూ తిరగలేకపోతుంటే ముందుగా, మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే కెపాసిటర్‌ను అనుమానించాలి. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి, సుమారు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను రెండు కొనలకూ కొన్ని సెకన్లపాటు ఆనించి ఖాళీ చేశాకే తాకాలి. మైక్రోఫారడ్ కొలిచే మీటర్‌తో చూసినప్పుడు పైన అచ్చువేసిన విలువ కంటే బాగా తక్కువ వస్తే మార్చేయాలి. కొత్తదాని మైక్రోఫారడ్ విలువ పాతదానికి సమానంగా ఉండాలి, వోల్టేజీ మాత్రం పాతదానికి తగ్గకూడదు.

మోటారు హాయిగా తిరుగుతున్నా డ్రమ్ము కదలకపోతే బెల్టు జారుతోందేమో చూడండి. అడుగున నల్లని రబ్బరు పొడి రాలి ఉంటే అది బెల్టు పనే. అసలు ఏ శబ్దమూ లేకపోతే, యంత్రం పై మూత మూసి ఉందో లేదో బోర్డుకు తెలిపే మూత స్విచ్చిని చూడండి. ఎలుకలు కొరికిన వైర్లను కూడా నేను చాలాసార్లు చూశాను; అడుగు తెరిచి ఉన్న యంత్రానికి జాలీ బిగించకపోతే అవి తిష్ట వేస్తాయి.

పిండేటప్పుడు విమానం లేస్తున్నంత మోత వచ్చి, కింద తుప్పు రంగు తడి కనబడితే మాత్రం సీలు పోయి నీరు బేరింగుల్లోకి దిగిందని గ్రహించి, ఆ పని మెకానిక్‌కే వదిలేయడం మంచిది. డ్రమ్మును పట్టి ఉంచే పెద్ద నట్టుకు ప్రత్యేకమైన స్పానర్ కావాలి. కొన్ని నమూనాల్లో దాని మర ఎడమచేతి వాటంగా ఉండడంతో, విప్పుతున్నామనుకుని బిగించి విరగ్గొట్టుకున్నవారు ఉన్నారు.

తడిబట్ట:
అందరికీ ధన్యవాదాలు. వాల్వు గది తెరిచాను. ఒక తలపిన్ను అడ్డంగా పడి, దాని రెండు కాళ్ల మధ్య దారపు పోగులు, చొక్కా గుండీ ముక్క, బూడిద రంగు సబ్బు జిడ్డు కలిసి బొటనవేలంత ముద్దగా గట్టిపడ్డాయి. పిన్ను ఒక కొన రబ్బరు అంచుకు, ప్లాస్టిక్ గట్టుకు మధ్య దూరి ఉంది. అక్కడ రబ్బరుపై చిన్న నొక్కు పడింది గానీ చీలిక లేదు. పాత పళ్ల బ్రష్‌తో కడిగి, ఫోటో చూసుకుంటూ తిరిగి బిగించాను. ఇప్పుడు పైపు చివర చుక్క కూడా కారడం లేదు, నీళ్లు ధారగా పోతున్నాయి, డ్రమ్ము తిరుగుతోంది.

మరో రెండు సందేహాలు మిగిలాయి. గట్టు చుట్టూ తెల్లని పొర ఒకటి బ్రష్‌కు ఊడిరాలేదు. అలాగే వేగం అందుకునేటప్పుడు డ్రమ్ము ఒక పక్కకు ఊగి బాడీకి తగులుతోంది. బట్టలు తక్కువగా ఉన్నా అంతే.

పాతటెస్టర్:
ఆ పొర గట్టి నీటి వల్ల పేరుకున్న సున్నం. టబ్బు నిండా వెచ్చని నీళ్లు పట్టి సిట్రిక్ యాసిడ్ వేసి, కాసేపు తిప్పి, గంటసేపు నిలవ ఉంచి వదిలేస్తే చాలావరకు కరుగుతుంది. అదే విడతలో బ్లీచింగ్ మాత్రం కలపవద్దు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. పిన్నులు డ్రమ్ము పై అంచు సందులోంచీ, పల్సేటర్ అంచు కిందినుంచీ జారతాయి కాబట్టి, పల్సేటర్ మధ్యలోని స్క్రూ విప్పి దాని అడుగు కూడా ఒకసారి చూడండి.

గ్రీజుచెయ్యి:
ఊగుడుకు ముందు యంత్రం నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో మూలల మీద నొక్కి చూడండి. ఆనుతూ ఉంటే, ఖాళీ డ్రమ్మును ఒక్కో మూల వైపు కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలవాలి. ఏదైనా మూలన మరీ తేలిగ్గా దిగి పదేపదే ఊగితే, అక్కడి సస్పెన్షన్ రాడ్ పట్టు పోయినట్టే. ఒక్కదాన్నే మారిస్తే కొత్తది బిగువుగా, పాతవి వదులుగా ఉండి మళ్లీ ఒక పక్కకే లాగుతుంది కాబట్టి నాలుగూ ఒకేసారి మార్చాలి. కొనే ముందు పాత రాడ్ పొడవు కొలుచుకోండి. ముందు రెండూ వెనుక రెండూ వేర్వేరుగా ఉండే నమూనాలు కూడా ఉన్నాయి.