సబ్‌ట్రాక్షన్‌లో కిడ్నీ సిస్ట్ చుట్టూ తెల్లటి అంచు: ఎన్‌హాన్స్‌మెంటా, కదలికా?

ప్రశ్న:
ఎంఆర్‌ఐలో చూస్తే కిడ్నీ సిస్ట్‌లో (నీటితిత్తిలో) రక్తం చేరింది. కాంట్రాస్ట్ మందు ఇవ్వకముందే టీ1 (ఒక రకం ఎంఆర్‌ఐ చిత్రం)లో తెల్లగా ఉంది కాబట్టి మందు వల్ల తెల్లబడిందో లేదో కంటితో తేల్చలేం. పోస్ట్ (మందు ఇచ్చాక తీసిన చిత్రం) నుంచి ప్రీ (ఇవ్వకముందు తీసింది) తీసివేస్తే, అంటే సబ్‌ట్రాక్షన్ చేస్తే, సిస్ట్ అంచున సన్నటి తెల్ల గీత వస్తోంది. దీన్ని గోడ ఎన్‌హాన్స్‌మెంట్ (మందు చేరి తెల్లబడటం) అనుకోవచ్చా? కదలిక అయితే రిజిస్ట్రేషన్ (రెండు చిత్రాలను ఒకదానిపై ఒకటి కుదర్చడం) చేస్తే సరిపోతుందా?

జవాబు 1:
ముందు తీసివేతలో వచ్చిన మైనస్ విలువలు బతికి ఉన్నాయో లేదో చూడండి. చాలా సాఫ్ట్‌వేర్‌లు వాటిని సున్నా చేసేస్తాయి. అప్పుడు కదలికకు అసలు గుర్తైన ఎదురు పక్క నల్ల గీత మాయమైపోతుంది. మైనస్ విలువలు ఉంచి, విండో లెవెల్ (తెరపై మధ్యస్థ బూడిద రంగుగా చూపే విలువ) సున్నా దగ్గర పెట్టండి. ఒక పక్క తెలుపు, ఎదుటి పక్క నలుపు కనిపిస్తే అది కదలికే.

చుట్టూ సమానంగా ఉన్న రింగ్‌ను కూడా వెంటనే నమ్మొద్దు. ఊపిరితో కిడ్నీ ప్రధానంగా పైకీ కిందకీ కదులుతుంది. పోస్ట్‌లో అదే స్లైస్‌కి (అడ్డకోత చిత్రానికి) సిస్ట్ మధ్యభాగం వచ్చిందంటే వ్యాసం పెరిగి, అచ్చం గోడలాగే పూర్తి తెల్ల రింగ్ పడుతుంది. సిస్ట్ రెండో కొనకు వెళ్లండి, అక్కడ రింగ్ నల్లగా మారితే స్లైస్ జరిగినట్టే. పక్క స్లైస్‌తో తీసివేసి చూడండి.

జవాబు 2:
రిజిస్ట్రేషన్ చేయొచ్చు, కానీ మొత్తం పొట్టకి కాదు. వెన్నెముక కదలదు, కిడ్నీ కదులుతుంది. కిడ్నీ చుట్టూ బాక్స్ గీసి రిజిడ్‌గా (ఆకారం మార్చకుండా జరిపి, తిప్పి) చేయండి, ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలమానంగా మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ (రెండు చిత్రాల విలువల మధ్య గణాంక సంబంధం) పెట్టండి. కాంట్రాస్ట్ వల్ల తెలుపే మారిపోతుంది కాబట్టి నేరుగా తేడాల వర్గాలు కూడే పద్ధతి ఇక్కడ దారి తప్పుతుంది. నాన్‌రిజిడ్ (ఆకారాన్నీ వంచే పద్ధతి) అయితే సన్నటి గోడను సాగదీసి చెరిపేసే ప్రమాదం ఉంది. ఇంతకన్నా మేలు, రెండు సిరీస్‌లూ ఊపిరి పూర్తిగా వదిలాకే తీయడం.

జవాబు 3:
టీఆర్, టీఈ, ఫ్లిప్ యాంగిల్, మ్యాట్రిక్స్ లాంటి స్కాన్ సెట్టింగ్‌లు ప్రీ, పోస్ట్ రెండింట్లో ఒకటేనా? మధ్యలో ప్రీస్కాన్ (స్కాన్‌కు ముందు యంత్రం చేసుకునే సర్దుబాటు) మళ్లీ నడిచి గెయిన్ (సిగ్నల్‌ను పెంచే స్థాయి) మారిందా? డైకామ్ (స్కాన్ చిత్రాల ఫైల్ ఫార్మాట్)లో రీస్కేల్ స్లోప్ (పిక్సెల్ అంకెలను గుణించే సంఖ్య) వేరైతే ముందు సరిచేయాలి. వెన్నెముక ద్రవంలో ఆర్‌ఓఐ (కొలవడానికి గీసే చిన్న ప్రాంతం) పెట్టండి. తీసివేశాక అక్కడ దాదాపు సున్నా రాకపోతే మీ అంకెలకు అర్థం లేదు.

ఎన్‌హాన్స్‌మెంట్ శాతాన్ని సబ్‌ట్రాక్షన్‌పై కాకుండా అసలు ఇమేజ్‌లపై కొలవండి: పోస్ట్‌లోంచి ప్రీ తీసి, ప్రీతో భాగించి, 100తో గుణించండి. కిడ్నీలో 15 శాతం హద్దుగా వాడతారు. తీసివేతలో నాయిస్ సుమారు 1.4 రెట్లు పెరుగుతుంది కాబట్టి మరీ చిన్న ఆర్‌ఓఐ వద్దు. పాపిలరీ రకం కిడ్నీ కణితులు మెల్లగా, తక్కువగా తెల్లబడతాయి. అందుకని ఆర్టీరియల్ ఫేజ్ (మందు ధమనుల్లో ఉన్న తొలి దశ) ఒక్కటే తీసివేసి ఊరుకోకండి, 2 నుంచి 4 నిమిషాల ఫేజ్‌నీ తీసివేసి చూడాలి.